వచ్చినంతే వెళ్లిన కవరు

ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చిన ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిసంచీలోంచి గుప్పెట్లో పట్టేంత ఇత్తడి ముద్ర తీసి బల్ల మీద పెట్టింది.

"సాయంత్రం అయిదింటికి దీన్ని నా కళ్లముందే విరగ్గొడతారండీ," అంది. "ఆ తర్వాత ఏ కంపెనీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. పన్నెండేళ్ల నా పేరు ఇవాళ్టితో సరి."

బల్లకి అవతల కూర్చున్న డిటెక్టివ్‌ని ఊరంతా గుండుసూది అనే అంటుంది. మనిషి సన్నం, మాట పొదుపు, గుచ్చాల్సిన చోట తప్ప ఇంకెక్కడా గుచ్చడు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ మనిషిని చూసే పెట్టాడు.

"ముందు కూర్చోండి. ఇంత కాఫీ తాగి చెబుదురుగాని. మావాడు గింజలు తేవడానికి వెళ్లి గంటయింది, ఏ దేశం పట్టుకుపోయాడో!"

మాట పూర్తికాకుండానే బావమరిది పొట్లంతో ఊడిపడ్డాడు. అక్క మొగుడంటే చాలామందికి భయమో చిరాకో ఉంటుంది. ఇతనికి భక్తి. ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేరి ఏడేళ్లయినా ఆ భక్తి ఇసుమంతైనా తగ్గలేదు.

"నా తప్పేం లేదు బావా! ఆ గింజల కొట్టాయన వదిలితేగా! ఆర్నెల్ల కిందట కొత్త కాటా కొన్నాడట. కిలో రాయి పెడితే తొమ్మిదివందల తొంభై ఆరే చూపించేదట. అంటే కిలో అడిగినవాడికల్లా నాలుగు గ్రాములు ఊరికే పోశాడన్నమాట. నెల కిందట బాగుచెయ్యమని కంపెనీకి పంపిస్తే ఇప్పటికీ తిరిగి రాలేదట. పాత తక్కెడతో తూస్తూ పొట్లానికో శాపనార్థం పెడుతున్నాడు."

"ఏ కంపెనీ కాటా?"

"ఊళ్లో ఉన్నదొక్కటేగా, కాలవ పక్కది."

వచ్చినావిడ ఉలిక్కిపడింది. "నేను వచ్చిందీ ఆ కంపెనీ గొడవ మీదే," అంది.

కాఫీ లోపలికి వెళ్లాక ఆవిడ గొంతు కాస్త కుదుటపడింది. ఆవిడ వృత్తి మదింపు. ఏదైనా కంపెనీ తన దేశం ఎల్లలు దాటి ఎంతమేరకు ప్రపంచంలోకి వెళ్లిందో కొలిచి, దానికి నూటికి ఇన్ని మార్కులని అంకె వేస్తుంది.

"దాన్నెలా కొలుస్తారండీ, టేపు పెట్టా?" అన్నాడు బావమరిది.

"టేపుతో అయితే ఎంత బావుండేది! మొత్తం అమ్మకాల్లో బయటి దేశాల వంతు ఎంత, మొత్తం ఆస్తుల్లో బయట ఉన్న వంతు ఎంత, మొత్తం పనివాళ్లలో బయట పనిచేసే వంతు ఎంత. ఆ మూడు శాతాలూ కలిపి మూడుతో భాగిస్తాను. అంతే, వినడానికి సులువే. కష్టమంతా వాళ్లు చెప్పినవి ఉన్నాయా లేవా అని చూడ్డంలో ఉంది. ప్రతి శాఖకీ నేనే ఉత్తరం రాస్తాను. అక్కడ పనిచేసే మనిషి సొంత చేతిరాతతో జవాబు రావాలి."

కాలవ పక్క కంపెనీకి తొమ్మిది దేశాల్లో శాఖలున్నాయని కాగితాలు చెప్పాయి. ఎనిమిది శాఖల నుంచి జవాబులు వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద శాఖ ఉత్తరాన మంచు కురిసే దేశంలో ఉందట. కంపెనీలో దాన్ని చలిదేశం అంటారు. అక్కణ్ణుంచి మూడు ఉత్తరాలకీ ఉలుకూ పలుకూ లేదు. ఆ శాఖని తీసేసి లెక్కవేస్తే ముప్పై, ముప్పైమూడు, ముప్పై వచ్చాయి. అంటే ముప్పై ఒకటి. చలిదేశం శాఖ ఉందని తనకు రుజువు దొరకలేదని ఆవిడ విడిగా ఒక పేజీ రాసి జతచేసింది.

"మొత్తం పదకొండు కాగితాలు. పోయిన మంగళవారం కవర్లో పెట్టి, సీలు వేసి, కంపెనీలో ఇచ్చాను. యజమాని చదివి, చదివినట్టు రసీదు రాసి అందులోనే పెట్టి, కవరు మా మదింపుదారుల పరిషత్తుకి పంపాలి. అదీ పద్ధతి. పరిషత్తుకి చేరిన నివేదికలో పది కాగితాలే ఉన్నాయి. అంకె యాభై ఏడు! చివరి పేజీ మాత్రం నాదే, సంతకం నాదే, ముద్ర నాదే. ఆ పేజీలో అంకె ఉండదు. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాలన్న బుద్ధి నాకు పన్నెండేళ్లలో ఒక్కసారీ పుట్టలేదు, ఏం చెయ్యను!"

"యాభై ఏడైతే వాళ్లకేం ఒరుగుతుంది?"

"తొమ్మిది దేశాల ఆసుపత్రులకి పసిపిల్లల్ని తూచే కాటాలు కావాలి. యాభై దాటిన కంపెనీకే ఆ పని. ఇది నా నివేదిక కాదని నేను పరిషత్తుకి రాశాను. నేను మాట మారుస్తున్నానని కంపెనీ రాసింది. నా దగ్గరున్న కాపీ చూపిస్తే, తర్వాత టైపు చేసుకున్నావన్నారు. సాయంత్రం పరిషత్తు పరిశీలకుడు కంపెనీకే వచ్చి తేలుస్తాడు. నిన్న ఆ యజమాని అల్లుడు ఫోన్ చేశాడు. 'ఆ అంకె నాదే అనండి మేడమ్, అందరం చల్లగా ఉంటాం. లేకపోతే మీ ముద్రా ఉండదు, మీరూ బయట ఉండరు' అన్నాడు."

గుండుసూది ఇత్తడి ముద్రని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది సంచీలో వేసుకోండి. అయిదింటికి అక్కడే కలుద్దాం."

కంపెనీ గేటు దగ్గర మనుషుల కన్నా ముందు కాటా పలకరించింది. బావమరిది సంచీని వాచ్‌మన్ కాటా మీద పెట్టి, పుస్తకంలో రాసుకున్నాడు.

"మూడువందల పది గ్రాములు. పోయేప్పుడూ అంతే ఉండాలి సార్."

"మధ్యలో ఆకలేసి బిస్కెట్లు తింటేనో?"

"తిన్నానని రాసి సంతకం పెట్టాలి. మా యజమాని పెద్దాయన పెట్టిన పద్ధతి ఇది. గేటు దాటే చీటీ దగ్గర్నుంచి లారీ దాకా తూకం పడాల్సిందే. ముప్పై ఏళ్లుగా నేనే తూస్తున్నా. ఈ ఇంట్లో అందరికీ తూకం ప్రాణం, ఒక్క అల్లుడుగారికి తప్ప. ఆయనకి గ్రాముకీ కిలోకీ తేడా తెలీదు. మీతో అన్నానని అనకండి బాబూ!"

మంగళవారం పేజీ తీయించాడు గుండుసూది. మూడూ అయిదుకి మదింపు మేడమ్ తెచ్చిన సీలు కవరు, డెబ్బై ఆరు గ్రాములు. నాలుగూ పదికి అదే కవరు బయటికి, డెబ్బై ఆరు గ్రాములు. వాహనాల పేజీలో అల్లుడుగారి కారు రెండున్నరకి బయటికి వెళ్లి, అయిదూ నలభైకి లోపలికి వచ్చింది. గుండుసూది ఆ రెండు పేజీలనీ చాలాసేపు చూశాడు. తర్వాత ఖాళీ కాగితం ఒకటి అడిగి కాటా మీద పెట్టించాడు.

"అయిదు గ్రాములు," అన్నాడు వాచ్‌మన్. "ఈ సైజు కాగితం ఎవరిదైనా అయిదే సార్."

అల్లుడుగారి గదిలో గోడ నిండా గడియారాలు. ఒక్కో దాని కింద ఒక్కో దేశం. ఎగుమతుల వ్యవహారమంతా ఆయనదే.

"చలిదేశంలో రెండేళ్లున్నాను," అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి. "నూట నలభై మందిని పెట్టి శాఖ నిలబెట్టాను. ఉత్తరాలకి జవాబు రాయలేదంటే తీరిక లేక. ఆవిడ ముందు యాభై ఏడు వేసింది, తర్వాత ఎవరో ఎగదోస్తే ప్లేటు ఫిరాయించింది. మా గేటు పుస్తకం చూశారుగా? డెబ్బై ఆరు వచ్చింది, డెబ్బై ఆరు వెళ్లింది. గ్రాము తేడా లేదు! ఇంకేం సాక్ష్యం కావాలి మీకు?"

"చాలా మంచి సాక్ష్యం," అన్నాడు గుండుసూది.

ఆ గొంతు వినగానే బావమరిది బావ వైపు చూశాడు. బావ అంత మెత్తగా మాట్లాడాడంటే ఎవరికో మూడిందని అర్థం.

కంపెనీ పై అంతస్తే పెద్దాయన ఇల్లు. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. రెండు కళ్లకీ కట్లు. ఒకటి నయమయ్యాక రెండోది చేద్దామని డాక్టరు మొత్తుకున్నా వినకుండా, రెండింటికీ ఒకేసారి ఆపరేషన్ చేయించుకున్న మొండిఘటం.

"పన్నెండు రోజులైంది బాబూ, ఇంకో వారం విప్పకూడదట. ఆ కవరు మా అమ్మాయే చించి చదివి వినిపించింది. యాభై ఏడు! నా చెవులారా విన్నాను. పొంగిపోయాననుకో. ఈ షెడ్డులో ఒక్క బల్లతో మొదలెట్టినవాణ్ణి. అమ్మాయి చూపించిన చోట రసీదు మీద సంతకం పెట్టాను, ఇద్దరం కలిసే సీలు వేశాం." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "మదింపు మేడమ్ అబద్ధమాడే మనిషిలా తోచలేదు నాకు. గొంతులో తెలిసిపోతుందిగా. కానీ మా అమ్మాయి అబద్ధం చదవదు కదా."

చివరగా తూకం గది. ఇక్కడ పెత్తనం పెద్దాయన కూతురిది. వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ చిన్నమ్మగారంటారు. వరసగా కాటాలు, ఒక్కో దానికీ ఒక్కో దేశం చీటీ. ఆవిడ చేతులు చకచకా మరలు తిప్పుతున్నాయి, కళ్ల కింద మాత్రం నల్లటి చారలు.

"ఒకే రకం కాటాకి ఇన్ని చీటీలెందుకండీ?" అన్నాడు బావమరిది.

"భూమి లాగే బలం అన్నిచోట్లా ఒకేలా ఉండదండీ. ఉత్తరానికి పోయేకొద్దీ ఎక్కువ లాగుతుంది. అందుకే కాటా ఏ దేశం వెళ్తుందో ఆ దేశానికి తగ్గట్టు నేనే సరిచేస్తాను. దేశానికో తేడా. మా నాన్న అవన్నీ ఎక్కాల్లా వల్లెవేయించారు నా చేత."

"అయితే నేను చలిదేశం వెళ్తే బరువు పెరుగుతానా?"

"ఆ భయముంటే ఇక్కడే రెండు ముద్దలు తగ్గించుకోండి," అంది. నవ్వబోయి, ఎందుకో ఆగిపోయింది.

మూల అరలో గుడ్డ కప్పిన కాటా ఒకటుంది. అటు వెళ్లిన బావమరిది రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. "ఇక్కడెవరో మంచి కాఫీ కాస్తున్నారు బావా!" చిన్నమ్మగారు గబగబా వచ్చి ఆ గుడ్డ ఇంకాస్త కిందికి లాగింది. గుండుసూది కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

మెట్లు దిగుతూ బావమరిది ఉండబట్టలేక అడిగాడు. "దొంగ అల్లుడే కదూ?"

"అల్లుడు దొంగే. కానీ మనం వెతుకుతున్న దొంగ కాదు. మంగళవారం ఆ గంటసేపూ అతను గేటులోపలే లేడు."

అయిదింటికి సమావేశం గదిలో అందరూ చేరారు. పరిషత్తు పరిశీలకుడు కవరు, నివేదిక, రసీదు ముందు పెట్టుకుని బల్ల కొసన కూర్చున్నాడు. ఆయన పక్కన చిన్న సుత్తి ఉంది. మదింపు మేడమ్ దాన్ని ఒక్కసారి చూసి, మళ్లీ అటు కన్నెత్తలేదు. పెద్దాయన్ని కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అల్లుడు గడియారం చూసుకుంటున్నాడు. గేటు పుస్తకంతో, గేటు కాటాతో వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"తొందరగా కానిద్దాం," అన్నాడు పరిశీలకుడు. "నివేదిక మీద ఈవిడ ముద్ర ఉంది. అంకె ఈవిడది కాదనడానికి రుజువుందా?"

"ఉంది. కంపెనీవాళ్లే ఇచ్చారు," అన్నాడు గుండుసూది. "అల్లుడుగారూ, ఆ గేటు పుస్తకం మాట ఇంకోసారి చెప్పండి."

"ఎన్నిసార్లయినా చెబుతా. డెబ్బై ఆరు వచ్చింది, డెబ్బై ఆరు వెళ్లింది."

"వచ్చినప్పుడు రసీదు లేదు. అది మీ కంపెనీ ముద్రతో, మీ కంపెనీ కాగితం మీద, ఇక్కడే రాసింది. అవునా?"

"అవును. అయితే ఏంటట?"

"రసీదు బరువు అయిదు గ్రాములు. అది కలిశాక ఎనభై ఒకటి కావాలి. డెబ్బై ఆరే ఎందుకుంది?"

గుండుసూది రసీదు పక్కకి తీసి, కవరునీ పది కాగితాలనీ వాచ్‌మన్ చేతికిచ్చాడు. వాచ్‌మన్ వాటిని కాటా మీద పెట్టాడు.

"డెబ్బై ఒకటి సార్."

"వచ్చింది డెబ్బై ఆరు. అంటే ఈవిడ తెచ్చినవి పదకొండు కాగితాలే. ఒకటి ఈ ఇంట్లోనే మాయమైంది. చలిదేశం శాఖకి రుజువు లేదని రాసిన పేజీ అది. అది తీసి, రసీదు పెట్టారు. మిగతా తొమ్మిదింటికి బదులు తొమ్మిది పెట్టారు. లోపలికి ఎంతో బయటికి అంతే ఉంటే ఇక ఎవరూ అనుమానించరని ఈ ఇంట్లో పెరిగినవాళ్లే అనుకుంటారు. బయటివాళ్లకి ఆ ధ్యాసే రాదు."

"చూడండి, నేను ఆ టైములో..." అంటూ అల్లుడు లేచాడు.

"మీరు గేటు బయట ఉన్నారు. మీ కారు తూకమే చెబుతోంది. కూర్చోండి, మీ వంతూ వస్తుంది." గుండుసూది తలుపు వైపు చూసి సైగ చేశాడు. బావమరిది గుడ్డ కప్పిన కాటా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పెద్దాయన తలెత్తాడు. "కాఫీ వాసనేంటి?"

"గింజల కొట్టాయన బాగుచెయ్యమని పంపిన కాటా అండీ. మీ కంపెనీదే. కిలో రాయి పెడుతున్నాం, వినండి."

బావమరిది రాయి పెట్టి, అంకె చదివాడు. "తొమ్మిదివందల తొంభై ఆరు."

పెద్దాయన చెయ్యి చాచి తడుముతూ కాటా పళ్లెం పట్టుకున్నాడు, రాయి తీసి మళ్లీ పెట్టాడు. "ఇంకోసారి చదువు బాబూ," అన్నాడు. అంకె మారలేదు.

"ఇది చెడిపోయిన కాటా కాదు," అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ కిలోకి నాలుగు గ్రాములు తక్కువ చూపిస్తోందంటే, ఆ తేడా చలిదేశానిది. మా అమ్మాయి చెయ్యి ఇది. చలిదేశానికి సరిచేసింది ఈ ఊరి కాఫీ కొట్టుకెలా వచ్చింది?"

అల్లుడు నేలచూపులు చూస్తూ అన్నాడు. "రెండేళ్లలో అక్కడ పది కాటాలు కూడా అమ్మలేకపోయాను మావయ్యగారూ. శాఖ లేదు, మనుషుల్లేరు. చెప్పడానికి మొహం చెల్లలేదు. పెట్టెలు ఓడ ఎక్కించకుండా ఇక్కడి కొట్లకే పంపించేశాను. అన్ని కాటాలూ ఒకటేననుకున్నాను."

"ఒకటేననుకున్నావా!" అన్నాడు పెద్దాయన. ఆ అబద్ధం కన్నా ఈ మాటే ఆయన్ని ఎక్కువ గుచ్చినట్టుంది.

"ఆ సంగతి ఈ కాటా బల్ల మీదికి వచ్చిన రోజే ఒకరికి తెలిసిపోయింది," అన్నాడు గుండుసూది. "మంగళవారం ఆ కవరు దగ్గర ఇద్దరే ఉన్నారు. ఒకరికి కళ్లు కనబడవు. ఒకరు చదివారు."

"ఊరుకోండి," అన్నాడు పెద్దాయన. "నేనడుగుతాను. అమ్మా, ఆ రోజు నువ్వు చదివిన అంకె, కాగితం మీద ఉన్న అంకె ఒకటేనా?"

చిన్నమ్మగారు అప్పటికే ఏడుస్తోంది.

"కాదు నాన్నా. కాగితం మీద ముప్పై ఒకటే ఉంది. ఎందుకు అని అడుగుతావు, చలిదేశం సంగతి బయటపడుతుంది, ఈ కట్లతో నువ్వేమైపోతావోనని భయమేసింది. నోరు తెరిస్తే ఈయన దరఖాస్తులో వేసిన యాభై ఏడు వచ్చేసింది. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూశాక నిజం చెప్పే ధైర్యం చచ్చిపోయింది. ఈయన నింపిన దరఖాస్తు కాగితాలు బీరువాలో ఉన్నాయి, అవీ అదే నమూనా. అవి పెట్టేశాను."

"మీ నాన్నగారి నవ్వు కోసం నా పన్నెండేళ్లు తుడిచేస్తారా?" అంది మదింపు మేడమ్. పొద్దుటినుంచీ బిగబట్టుకున్న కోపమంతా ఒక్కసారి బయటపడింది. "నాకూ ఇల్లుంది. నాకూ నన్ను చూసి నవ్వేవాళ్లున్నారు. మూడు రాత్రులు కంటిమీద కునుకు లేదు నాకు!"

"క్షమించమని అడిగే మొహం కూడా లేదండీ నాకు," అంది చిన్నమ్మగారు. "నిన్న ఈయన మీకు ఫోన్ చేశారని తెలిసినప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

పరిశీలకుడు సుత్తి తీసి పెట్టెలో పెట్టేశాడు. "ముద్ర మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్. మిగతాది పరిషత్తు చూసుకుంటుంది. వీళ్లిద్దరూ రేపు అక్కడికి రావాలి." తర్వాత పెద్దాయన వైపు తిరిగాడు. "అసలు నివేదిక ఇవాళే ఇస్తే ఆసుపత్రుల పని మీ చేయి జారిపోతుంది. కావాలంటే వారం గడువు అడగొచ్చు."

"వారంలో దేశం పుట్టుకొస్తుందా బాబూ? ఇవాళే ఇవ్వండి."

మదింపు మేడమ్ సంచీలోంచి తన కాపీ తీసింది. ఈసారి పదకొండు కాగితాల కిందా సంతకం పెట్టింది, ముద్ర వేసింది. ముద్ర పడినప్పుడల్లా బల్ల చప్పుడైంది. బావమరిది మనసులోనే పదకొండూ లెక్కపెట్టుకున్నాడు.

ఆవిడ కాగితాలు పరిశీలకుడికి ఇవ్వబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"పద్ధతి పద్ధతే. నేను వినాలి, రసీదు ఇవ్వాలి. చదువమ్మా."

గదిలో అందరూ మదింపు మేడమ్ చదువుతుందనుకున్నారు. పెద్దాయన మొహం మాత్రం కూతురి వైపే ఉంది.

"నేనా నాన్నా?"

"ఇంకెవరు? నా కళ్లు నువ్వేగా. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువు."

ఆవిడ కళ్లు తుడుచుకుని చదివింది. ఎనిమిది దేశాలూ చదివింది, చలిదేశం పేజీ చదివింది. చివరికి, "ముప్పై ఒకటి," అంది.

"ముప్పై ఒకటి," అన్నాడు పెద్దాయన. "ఒక్క బల్లతో మొదలెట్టినవాడికి అదేం తక్కువ కాదు. ఆ రోజే చదివుంటే అప్పుడూ నవ్వేవాణ్ణే పిచ్చితల్లీ." తర్వాత చెయ్యి చాచాడు. "సంతకం ఎక్కడో చూపించు."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుని రసీదు మీద సరైన చోట పెట్టింది.

కవరు మళ్లీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఆరు దాటింది. వాచ్‌మన్ దాన్ని కాటా మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, పుస్తకంలో రాస్తూ అందరికీ వినబడేలా చదివాడు.

"మదింపు మేడమ్ కవరు. ఎనభై ఒక్క గ్రాములు."